కంటినీ నమ్మలేదు, యంత్రాన్నీ నమ్మలేదు
(ఎతియెన్ జూల్ మారే జీవితం)

బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి

పోయిన సంవత్సరం విజ్ఞానయాత్రలో భాగంగా మా క్లాసు వాళ్ళం మనిషి నడకను కొలిచే ఒక ప్రయోగశాల చూడటానికి వెళ్ళాం. గది గోడల మీద చుట్టూ కెమెరాలు, మధ్యలో నడవడానికి ఒక బాట. ఎవరైనా ఒకరు ముందుకు రండి అని అక్కడి ఆయన అడిగితే, మా వాళ్ళంతా కలిసి నన్ను ముందుకు తోశారు. పొలం గట్ల మీద తిరిగిన కాళ్ళు, వీడైతే బాగా నడుస్తాడని నవ్వారు. నా చేత నిక్కరు తొడిగించి తొడల మీద, మోకాళ్ళ పక్కన, చీలమండల దగ్గర, నడుము మీద రేగుపండంత తెల్లటి గోళీలు అంటించారు. కెమెరాల దగ్గర నుంచి వచ్చే వెలుగు ఈ గోళీల మీద పడి మళ్ళీ కెమెరాలకే చేరుతుంది. గోళీలు ఎక్కడెక్కడ ఉన్నాయో కంప్యూటరు లెక్కకట్టి, దాన్నిబట్టి లోపలి ఎముకలు ఏ వైపుకు ఎంత వంగాయో, ఎంత తిరిగాయో తెర మీద చూపిస్తుంది.

నడిచాను. తెర మీద నా అస్థిపంజరం నడిచింది. అందరూ చప్పట్లు కొట్టారుగాని నాకు మాత్రం గుండె జారింది. అడుగు తీసి మోకాలు మడిచినప్పుడల్లా తెర మీది కుడి మోకాలు విరిగినట్టుగా లోపలికి వంగుతోంది. నా మోకాలు నిజంగా అట్లా ఉంటే ఇన్నేళ్ళూ వరిమడిలో ఎట్లా దిగాను? అక్కడి ఆయన ఏమీ కంగారుపడలేదు. మోకాలి పక్కనున్న గోళీని వేలెడు మందాన వెనక్కి జరిపి మళ్ళీ నడవమన్నాడు. ఈసారి ఆ వంకర చాలావరకు పోయింది, పూర్తిగా మాత్రం పోలేదు. మిగిలింది చర్మం చేసే అల్లరి అనీ, గోళీ అంటుకున్నది చర్మానికేగాని ఎముకకు కాదనీ, ఎముక ఒక దారిన పోతే చర్మం మరో దారిన జారుతుందనీ ఆయన చెప్పాడు.

ఇంత ఖరీదైన యంత్రం కూడా తప్పు చెబుతుందా అని అడిగాను. యంత్రం ఎక్కడ తప్పు చెబుతుందో తెలుసుకోవడమే మా పని అన్నాడు. ఈ పద్ధతికి మూలపురుషుడు ఎవరని అడిగితే ఎతియెన్ జూల్ మారే అని ఒక ఫ్రెంచి పేరు చెప్పాడు. తిరిగొచ్చాక ఆ పేరు పట్టుకుని దొరికినంత చదివాను. ఆ మహనీయుడి జీవితం నన్ను ఎందుకు కుదిపిందో, దానికీ నా ప్రాక్టికల్ రికార్డుకూ ఉన్న సంబంధమేమిటో చివర్లో మనవి చేస్తాను.

మారే 1830 మార్చి 5న ఫ్రాన్సు దేశంలో బర్గండీ ప్రాంతపు బోన్ పట్టణంలో పుట్టాడు. ద్రాక్షతోటలకూ ద్రాక్షసారాకూ పేరుపొందిన ఊరు. తండ్రిది ఆ వ్యాపారమే. కొడుక్కేమో చిన్నప్పటి నుంచీ చక్రాలూ మీటలూ స్ప్రింగులూ అంటే ప్రాణం, ఇంజనీరు కావాలని కోరిక. తండ్రి డాక్టరు కావాలన్నాడు. మన ఇళ్ళల్లో జరిగేదే అక్కడా జరిగింది, తండ్రి మాటే నెగ్గింది. 1849లో ఆయన వైద్యం చదవడానికి పారిస్ చేరాడు, 1859లో డాక్టరు పట్టా పుచ్చుకున్నాడు. అయితే ఆయన లోపలి ఇంజనీరు చావలేదు. మనిషి ఒంటినే ఒక యంత్రంగా చూడటం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లో వైద్యుడు నాడిని వేలితో పట్టి చూసేవాడు. గట్టిగా ఉంది, మెత్తగా ఉంది, ఎగురుతోంది అని మాటల్లో చెప్పేవాడు. ఒకరి వేలికి మెత్తగా తోచింది మరొకరికి గట్టిగా తోచవచ్చు. దీన్ని కాగితం మీద గీతగా మార్చాలని జర్మనీలో కార్ల్ ఫీరార్ట్ అనే ఆయన 1850లలో ఒక పరికరం తయారుచేశాడు. నాడి మీద ఒక మీట, మీట మీద బరువులు. నాడి కొట్టుకున్నప్పుడల్లా మీట లేస్తుంది, దిగుతుంది, గీత పడుతుంది. ఆ గీతలో ఎక్కడమూ దిగడమూ సమానంగా కనిపించేవి.

మారే ఆ గీతను చూసి అనుమానపడ్డాడు. బరువైన మీట ఒకసారి కదిలిందంటే దాని జడత్వం దాన్ని ఊరుకోనివ్వదు. అంటే కాగితం మీద పడుతున్నది సగం నాడి, సగం మీట. ఆయన బరువులు తీసేశాడు. చాలా తేలికైన మీట పెట్టి, దాన్ని స్ప్రింగుతో నాడికి అదిమాడు. 1860 నాటికి తయారైన ఈ పరికరంలో గీత వేరే రకంగా వచ్చింది. నాడి చివాలున లేచి మెల్లగా దిగుతోంది, దిగేటప్పుడు మధ్యలో ఒక చిన్న గతుకు. ముందటి పరికరం ఆ గతుకును పూర్తిగా మింగేసింది. మారే జీవితమంతా ఇదే వరస. కంటికీ వేలికీ అందని దాన్ని పరికరం చేత చెప్పించడం, ఆ వెంటనే ఆ పరికరాన్నే బోనెక్కించి ప్రశ్నించడం.

ఆ తర్వాత లియాన్ నగరంలోని పశువైద్యుడు ఒగుస్త్ షోవోతో కలిసి గుర్రం మెడనరంలో నుంచి సన్నటి గొట్టాలు గుండె గదుల్లోకి పంపాడు. గొట్టం చివర గాలి నింపిన చిన్న రబ్బరు తిత్తి. గుండె నొక్కినప్పుడల్లా ఆ గాలి ఒత్తిడి బయటి మీటను కదిలించి గీత గీస్తుంది. గుండె ఛాతీకి కొట్టుకునే దెబ్బ ఏ క్షణాన పడుతుందన్నది అప్పట్లో పెద్ద వివాదం. కింది గది సంకోచించేటప్పుడే ఆ దెబ్బ పడుతుందని గీతలే చూపించాయి. ఈ పరిశోధనలతో పేరు వచ్చి, 1869లో కొలేజ్ ద ఫ్రాన్స్ అనే గొప్ప విద్యాసంస్థలో ఆచార్యుడయ్యాడు.

గుండె తర్వాత ఆయన చూపు గుర్రం కాళ్ళ మీద పడింది. ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను.

నేను పదో తరగతిలో ఉండగా మా నాన్న పశువుల సంతలో ఒక ఎద్దును కొన్నాడు. నాన్నకు ఎద్దు నడక చూడటం తాత నేర్పిన విద్య. వెనక కాలు ముందు కాలి జాడలో పడాలి, దాన్ని దాటి పడితే మరీ మంచిది. ముందు కాలు నొప్పిగా ఉంటే, ఆ కాలు నేలకు ఆనినప్పుడల్లా తల పైకెత్తుతుంది. ఇవన్నీ తెలిసిన మనిషి. కానీ బేరగాడు ఆ ఎద్దును గడ్డీ పేడా పరుచుకున్న మెత్తటి నేల మీదే అటూ ఇటూ నడిపించాడు. నడక బ్రహ్మాండంగా కనిపించింది. ఇంటికి తోలుకొచ్చేటప్పుడు తారురోడ్డు ఎక్కగానే ఎడమ ముందు గిట్ట ఆనినప్పుడల్లా తల లేవడం మొదలైంది. ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు. నా కన్ను నన్ను మోసం చేసిందిరా అన్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే కన్ను సరిగ్గానే చూసింది, తప్పంతా ఏ నేల మీద చూశామన్న దాంట్లో ఉంది. కొలత ఒక్కటే చాలదు, ఏ పరిస్థితిలో కొలిచామన్నది కూడా కొలతలో భాగమే.

గుర్రం విషయంలో శతాబ్దాల తరబడి ఇదే తగాదా. దౌడు తీసే గుర్రం నాలుగు కాళ్ళూ ఒక్కసారి నేలను వదులుతాయా, వదిలితే ఎప్పుడు వదులుతాయి? చిత్రకారులు ముందు కాళ్ళు ముందుకూ వెనక కాళ్ళు వెనక్కూ చాచి, గుర్రం గాలిలో ఈదుతున్నట్టు గీసేవారు. మారే గుర్రం గిట్టల కింద రబ్బరు గాలితిత్తులు అమర్చాడు. వాటి నుంచి సన్నటి గొట్టాలు గుర్రం కాళ్ళ వెంట పైకి పోయి, రౌతు చేతిలో తిరిగే ఒక పీపాకు ఆనుకున్న మీటల దాకా చేరుతాయి. గిట్ట నేలను తాకితే మీట లేస్తుంది, వదిలితే దిగుతుంది. నాలుగు కాళ్ళకు నాలుగు గీతలు. 1873లో అచ్చయిన జంతుయంత్రం అనే ఆయన పుస్తకంలో ఈ గీతలు చూసిన లోకం విస్తుపోయింది. నాలుగు కాళ్ళూ నేలను వదిలే క్షణం నిజంగానే ఉంది. అయితే దౌడులో ఆ క్షణాన కాళ్ళు చాచి ఉండవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి.

ఆ పుస్తకం అమెరికాలో లీలండ్ స్టాన్‌ఫర్డ్ అనే గుర్రాల ఆసామి దాకా పోయింది. ఆయన ప్రోత్సాహంతో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు 1878లో కాలిఫోర్నియాలో వరసగా కెమెరాలు పేర్చి, పరుగెత్తే గుర్రాన్ని ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీశాడు. ఫోటోలు మారే గీతలను నిజం చేశాయి. ఇంకొకడైతే గెలిచానని మీసం మెలేసి కూర్చునేవాడు. మారే మాత్రం ఫోటోలో తన గీతల్లో లేని సుగుణం ఒకటుందని ఒప్పుకున్నాడు. గొట్టమూ తిత్తీ జంతువును తాకుతాయి, దాని నడకకు ఎంతోకొంత అడ్డుపడతాయి. వెలుతురు దేన్నీ తాకదు. యాభై ఏళ్ళు దగ్గర పడుతుండగా, అప్పటిదాకా పెంచి పోషించిన తన పద్ధతిని పక్కన పెట్టి ఆయన ఫోటోగ్రఫీ నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

1881లో మైబ్రిడ్జ్ పారిస్ వచ్చినప్పుడు మారే తన ఇంట్లో విందు చేసి పెద్దలందరికీ పరిచయం చేశాడు. గౌరవం గౌరవమే, పరీక్ష పరీక్షే. పక్షుల ఫోటోలు చూసి మారే నిరాశపడ్డాడు. ఒక్కో కెమెరా ఒక్కో చోట ఉంది కనుక ఒక్కో బొమ్మా ఒక్కో కోణం నుంచి చూసింది. బొమ్మకూ బొమ్మకూ మధ్య కాలం సమానమన్న హామీ లేదు. కాలమూ దూరమూ తెలియని బొమ్మ చూడ్డానికి ముచ్చటగా ఉంటుందిగాని కొలతకు పనికిరాదు.

కాబట్టి ఆయన ఒకే కెమెరాతో, ఒకే చోటి నుంచి, సమానమైన వ్యవధులతో బొమ్మలు తీయాలనుకున్నాడు. 1874లో శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటేటప్పుడు జాన్సెన్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు వాడిన తిరిగే ఫోటో పరికరం ఆయనకు దారి చూపింది. 1882లో మారే ఒక ఫోటో తుపాకి చేశాడు. గొట్టంలో కటకం, వెనక గుండ్రంగా తిరిగే గాజు పలక. గురిపెట్టి మీట నొక్కితే సెకనుకు 12 బొమ్మలు. ఒక్కో బొమ్మకు వెలుగు తగిలే కాలం సెకనులో 720వ వంతు. చలికాలాల్లో ఇటలీలోని నేపుల్స్ దగ్గర గడిపే ఈ పెద్దమనిషి, తూటా లేని తుపాకితో పక్షులకు గురిపెట్టి, ఒక్కదాన్నీ కొట్టకుండా సంతోషంగా ఇంటికి పోతుంటే ఊరివాళ్ళు పిచ్చివాడనుకున్నారని చెబుతారు.

అదే సంవత్సరం పారిస్ పొలిమేరలో, పార్క్ దె ప్రాన్స్ అనే చోట, ప్రభుత్వ సాయంతో ఆయనకొక పరిశోధనాలయం దొరికింది. గుండ్రటి పరుగుబాట, లోపల నల్లటి మఖమలు పరిచిన లోతైన చావడి, దాని ఎదురుగా పట్టాల మీద అటూ ఇటూ జరిపే పెట్టెబండిలో కెమెరా. జార్జ్ దమెనీ అనే సహాయకుడు రోజువారీ పని చూసుకునేవాడు. కదలని ఒకే పలక ముందు చీలికలున్న పళ్ళెం గిర్రున తిరుగుతుంటుంది. తెల్లబట్టలు తొడిగిన మనిషి నల్లటి చావడి ముందు నడుస్తాడు. చీలిక కటకం ముందుకొచ్చినప్పుడల్లా ఆ మనిషి బొమ్మ అదే పలక మీద పక్కపక్కనే పడుతుంది.

ఇక్కడే పెద్ద చిక్కు వచ్చింది. బొమ్మలు ఎక్కువ తీస్తే ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతున్నాయి. తక్కువ తీస్తే మధ్యలో కదలిక జారిపోతోంది. ఎవరైనా ఇంకా స్పష్టమైన కెమెరా కోసం వెతుకుతారు. మారే 1883లో దానికి తలకిందుల పని చేశాడు. మనిషికి తల నుంచి కాలి దాకా నల్లబట్టలు తొడిగించి, చెయ్యీ కాలూ పొడుగునా తెల్లటి పట్టీలు, కీళ్ళ దగ్గర మెరిసే బొత్తాములు కుట్టించాడు. నల్లటి నేపథ్యం ముందు నల్లటి మనిషి మాయమైపోయాడు. పలక మీద మిగిలింది గీతలూ చుక్కలూ మాత్రమే. అక్కర్లేనిదంతా తీసేస్తే కావలసింది కనిపించింది. మనిషి నడక రేఖాగణితంగా మారిపోయింది. చట్రంలోనే ఒక కొలబద్దా, తెల్లటి ముల్లు తిరిగే ఒక గడియారమూ కూడా పెట్టేవాడు. కాలాన్నీ దూరాన్నీ ఎవరి మాట మీదా నమ్మనవసరం లేదు, అదే బొమ్మలో కొలుచుకోవచ్చు. నా కాళ్ళకు అంటించిన గోళీలకు తాతముత్తాతలు ఆ బొత్తాములే.

తెల్లపట్టీ ఎంత గొప్పదైనా అది చెప్పలేనిది ఒకటుంది. చేతికర్రను పక్క నుంచి చూస్తే ఎంత వంగిందో చెప్పవచ్చు, కానీ చేతిలో దాన్ని మెలితిప్పితే ఆ మెలిక మీకు తెలియదు. గీతకు దిక్కు ఉంటుందిగాని మెలిక కనపడదు. పైగా ఒకే కెమెరా కాబట్టి అడ్డంగా, లోపలికీ బయటికీ జరిగేది దానికి అందదు. ఆయన తర్వాత 1891లో జర్మనీలో బ్రౌన్, ఫిషర్ అనే ఇద్దరు ఒక మనిషి కాళ్ళకూ చేతులకూ వెలిగే గాజుగొట్టాలు కట్టి, ఒకటికి మించిన కెమెరాలతో తీసి మూడు కొలతల్లో లెక్కలు కట్టారు. ఒక్క మనిషి కొద్ది అడుగుల లెక్కకు నెలల తరబడి కూర్చున్నారు. నేటి కంప్యూటరు రెప్పపాటులో చేసే పని అది.

ఒక ఎముక ఏ వైపు తిరిగి ఉందో పూర్తిగా తెలియాలంటే దాని మీద ఒకే గీతలో లేని మూడు గుర్తులు కనీసం ఉండాలి. ఇక కొలతలో దోషం ఎక్కడుంది? మంచి కెమెరాలు సరిగా అమర్చితే గుర్తు ఉన్న చోటును ఒక మిల్లీమీటరు లోపు తేడాతో చెప్పగలవు. అసలు దోషం గుర్తుకూ ఎముకకూ మధ్య ఉంది. మనం ఒక చిన్న లెక్క వేద్దాం. తొడ మీద రెండు గుర్తుల మధ్య దూరం 10 సెంటీమీటర్లు. ఒకటి చర్మంతోపాటు 1 సెంటీమీటరు పక్కకు జారింది. ఆ రెండింటినీ కలిపే గీత 5.7 డిగ్రీలు తిరిగిపోతుంది. గుర్తులను 20 సెంటీమీటర్ల దూరంలో పెడితే తప్పు 2.9 డిగ్రీలకు తగ్గుతుంది. నడిచేటప్పుడు మోకాలు దాదాపు 60 డిగ్రీల దాకా మడుస్తుంది, అందులో అయిదు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. కానీ కాలిఎముక తన నిలువు ఇరుసు చుట్టూ తిరిగేది కొద్ది డిగ్రీలే. అక్కడ అయిదు డిగ్రీల తప్పు వస్తే కొలత ఎంతో తప్పూ అంతే. 1990లలో కొందరు పరిశోధకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనుషుల ఎముకల్లోనే లోహపు సూదులు దించి, వాటికి గుర్తులు కట్టి నడిపించి, చర్మం మీది గుర్తులతో పోల్చి ఈ సంగతి రుజువు చేశారు. చర్మం జారుడు తొడ దగ్గర మరీ ఎక్కువ.

రెండో దోషం గుర్తును పెట్టే చోటులో ఉంది. మోకాలు బండిచక్రం లాంటిది, దానికీ ఒక ఇరుసు ఉంటుంది. మోకాలి పక్క గుర్తును బట్టే కంప్యూటరు ఆ ఇరుసు ఎటు ఉందో ఊహిస్తుంది. గుర్తు వేలెడు ముందుకు పడితే ఇరుసు వంకరగా ఉందనుకుంటుంది. అప్పుడు చక్కగా మడిచిన మోకాలు కూడా లోపలికి వంగినట్టు కనిపిస్తుంది. ఆ రోజు తెర మీద నా మోకాలు విరిగినట్టు కనపడటానికి కారణం ఇదే. పిల్లవాడి కాలికి ఆపరేషను చేయాలా వద్దా అని ఇట్లాంటి కొలతలు కూడా చూసి తేల్చే రోజులివి. ఆ వేలెడు మందం ఎవరి కాలి మీద పడుతుందో ఆలోచిస్తే కొలత అంటే ఎంత బరువో తెలుస్తుంది.

మారే జీవితంలో అందరూ ముచ్చటగా చెప్పుకునేది పిల్లి కథ. పిల్లిని నాలుగు కాళ్ళూ పైకి ఉండేట్టు పట్టుకుని వదిలేస్తే గాలిలో తిరిగి కాళ్ళ మీదే వాలుతుంది. ఇది మన ఇళ్ళల్లో పిల్లలకూ తెలుసు. కానీ గాలిలో ఆనుకోవడానికి ఏమీ లేకుండా ఒక వస్తువు తనంతట తాను తిరగడం గతిశాస్త్రానికి విరుద్ధమనీ, వదిలే చేతులను తన్ని తిరగడం మొదలుపెడుతుందనీ పెద్ద పెద్ద గణితవేత్తలే అనుకునేవారు. 1894లో మారే సెకనుకు దాదాపు 60 బొమ్మల వేగంతో పడుతున్న పిల్లిని తీసి, ఫ్రెంచి సైన్సు అకాడమీ ముందు పెట్టాడు. మొదటి బొమ్మల్లో పిల్లి అసలు తిరగడం లేదు. తిరగడం తర్వాతే మొదలవుతోంది. అంటే చేతిని తన్నలేదు. సభలో పెద్ద చర్చ జరిగింది. గుయూ అనే సభ్యుడు చిక్కు విప్పాడు. పిల్లి నడుము దగ్గర వంగి రెండు ముక్కలుగా పనిచేస్తుంది. ముందు కాళ్ళు ముడుచుకుని ముందు సగాన్ని ఎక్కువ తిప్పుతుంది, చాచిన వెనక కాళ్ళతో వెనక సగం కొంచెమే ఎదురు తిరుగుతుంది. తర్వాత ముందువి చాచి, వెనకవి ముడిచి, వెనక సగాన్ని తిప్పుకుంటుంది. నియమమూ చెడలేదు, ఫోటోలూ అబద్ధం చెప్పలేదు. శరీరాన్ని ఒకే కట్టెముక్కగా భావించడమే వాళ్ళ పొరపాటు. చర్మానికీ ఎముకకూ మధ్య మనం చేసే పొరపాటు కూడా ఆ జాతిదే.

ఆయన జీవితంలో చేదు లేకపోలేదు. 1888లోనే పొడుగాటి కాగితపు ఫిల్ము మీద వరస బొమ్మలు తీసి అకాడమీకి చూపించాడు. సినిమా అప్పటికే ఆయన గుమ్మంలో నిలబడి ఉంది. దమెనీ దాన్ని వ్యాపారం చేద్దామన్నాడు, మారే ససేమిరా అన్నాడు. పన్నెండేళ్ళ స్నేహం 1894లో తెగిపోయింది. 1895 డిసెంబరు 28న లూమియేర్ సోదరులు పారిస్‌లో టిక్కెట్టు పెట్టి జనానికి సినిమా చూపించారు, కీర్తి వాళ్ళకు పోయింది. కంటికి మామూలుగా కనిపించేదాన్నే మళ్ళీ తెర మీద చూపితే సైన్సుకు ఒరిగేదేమిటని మారే భావం. కంటికి కనిపించనిదాన్ని చూపించడమే ఆయన పట్టుదల. గురువుది మొండితనమా, శిష్యుడిది ఆశా అని తీర్పు చెప్పే వయసు నాది కాదు. ఇద్దరూ నష్టపోయారు.

నాకు అన్నిటికంటె నచ్చింది ఆయన చివరి పని. 1898లో కేంబ్రిడ్జిలో శరీరధర్మ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ మహాసభ జరిగింది. అప్పటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్ళు. ఆయన మొదలుపెట్టిన గీతల పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఒక్కో ప్రయోగశాలలో ఒక్కో రకం పరికరం, ఒక్కో రకం గీత. ఏ గీత జీవిది, ఏ గీత పరికరానిది? పరికరాలన్నింటినీ పరీక్షించి, వాటి దోషాలు కొలిచి, ఒకే ప్రమాణానికి తేవడానికి అంతర్జాతీయ సంఘం ఒకటి కావాలని ఆయన ప్రతిపాదించాడు. అందులోంచి పుట్టిందే పారిస్‌లో ఆయన పేరు మీద వెలసిన మారే సంస్థ. యువకుడిగా ఫీరార్ట్ మీటను అనుమానించినవాడు ముసలితనంలో తన మీటలన్నింటినీ పరీక్షకు పెట్టాడు. 1904 మే నెలలో పారిస్‌లో కన్నుమూశాడు. ఆ సంస్థ భవనం కూడా ఇప్పుడు లేదు. రోలాండ్ గారోస్ టెన్నిసు మైదానం పెంచడానికి 1970ల చివర్లో దాన్ని పడగొట్టారు. పందెం ఆటలో బంతి గీత మీద పడిందా, బయట పడిందా అని మనుషులు వాదించుకునే చోటు కింద కొలతల మహర్షి ఇల్లు ఉంది.

ఇక నా రికార్డు సంగతి. మొదటి సంవత్సరంలో లఘులోలకం ప్రయోగం చేశాను. గురుత్వ త్వరణం 980 రావాలి, నాకు 961 వచ్చింది. రెండుసార్లు చేసినా అంతే. పక్కవాడు నవ్వాడు. హాస్టలు గదికి పోయి 980 నుంచి వెనక్కి లెక్కకట్టి, రావలసిన కాలాలన్నీ వేసేసి, నమ్మకం కుదరడానికి అక్కడక్కడా పదో వంతు సెకను అటూ ఇటూ మార్చి రాశాను. మా మాస్టారు చూసి బాగా వచ్చిందన్నారు. పూర్తి మార్కులు పడ్డాయి. మెత్తటి నేల మీద ఎద్దును నడిపించిన బేరగాడికీ నాకూ తేడా ఏమిటో అప్పుడు తోచలేదు. మారేను చదివిన రాత్రి తోచింది.

ఈ సంవత్సరం మాస్టారిని అడిగి, అసలు రీడింగులున్న పాత చిత్తుకాగితం పట్టుకుని ప్రయోగశాలకు వెళ్ళాను. దారం పొడవు మార్చి మార్చి మళ్ళీ చేసి గ్రాఫు గీశాను. గీత తిన్నగానే వచ్చిందిగాని మూలబిందువు గుండా పోలేదు, పొడవుల అక్షాన్ని సున్నాకు దాదాపు ఒక సెంటీమీటరు అవతల తాకింది. అప్పుడు తెలిసింది. నేను గుండు పైభాగం దాకానే కొలిచాను, దాని మధ్య దాకా కొలవలేదు. గుండు వ్యాసార్ధం సరిగ్గా ఒక సెంటీమీటరు. గ్రాఫు వాలు నుంచి లెక్కకడితే త్వరణం 980కి దగ్గరగానే వచ్చింది. నా 961లో నిజం దాక్కుని ఉంది. ఎక్కడ తప్పు చేశావో నేను చెబుతాను అని అది పిలుస్తుంటే, నేను దాని నోరు నొక్కి 980 అని రాశాను.

పాత పేజీ మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన జరిగిందంతా రాసి మాస్టారికి ఇచ్చాను. ఆయన చాలాసేపు చదివారు. తిట్టలేదు, మెచ్చుకోలేదు. కొత్త పేజీ కింద సంతకం చేసి, ఆనాటి తేదీ వేసి ఇచ్చారు.

మిత్రులారా, మనలో చాలామందికి ప్రాక్టికల్స్ అంటే పుస్తకంలో ఉన్న అంకె తెప్పించడమే. మారే యాభై ఏళ్ళ కృషిలో నాకు అర్థమైంది ఒకటే. దోషం లేని కొలత లేదు. దాన్ని దాచినవాడికి అంకె మిగులుతుంది, వెతికినవాడికి సంగతి తెలుస్తుంది. వచ్చే సంవత్సరం ఆ బల్లల దగ్గర నిలబడే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా మనవి ఇది. 961 వస్తే 961 అనే రాయండి. రాసి, గుండు దగ్గరికి పోయి చూడండి.